చిన్న పడవలో చేతి వల ఎక్కడ పెట్టాలి: మైలవరం నీళ్ల మీద మా ఏర్పాటు

చేతి వల అంటే ఇక్కడ నేను చెప్పేది పొడుగు కర్ర, దాని కొసన ఇనుప చువ్వ వంచి చేసిన రింగు, ఆ రింగుకు సంచిలా వేలాడే వల. పెద్ద వలలో గానీ గాలానికి గానీ చిక్కిన చేప పడవ పక్కకు వచ్చినప్పుడు కింద నుంచి పెట్టి పైకి ఎత్తేది ఇదే. దీన్ని ఎట్లా వాడాలో అందరూ చెప్తారు. వాడనప్పుడు పడవలో ఎక్కడ ఉంచాలో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నేను చూసినంతలో దగ్గరికి వచ్చిన చేప చేజారిపోవడానికి మొదటి కారణం అదే.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. మైలవరం రిజర్వాయర్‌లో నేనూ మా ఆయనా కలిసే వేటకు పోతాం. మాది ఇద్దరు కూర్చునే ఫైబర్ పడవ, ఇంజను లేదు. ఆయన ముందు కూర్చుని వల లాగుతాడు. నేను వెనక కూర్చుని తెడ్డుతో పడవను నిలకడగా పట్టుకుంటాను. చేప పైకి కనిపించగానే చేతి వల వేసేది నేనే. అందుకే ఈ వల ఎక్కడుందనేది ఆయన కంటే నాకే ఎక్కువ ముఖ్యం.

ఆయన లాగేది టంగూసు వల, అంటే సన్నని నైలాన్ దారంతో అల్లిన వల. అందులో చేప ఎట్లా పడుతుందో తెలిసిన వాళ్లకు తొందర ఎందుకో తెలుస్తుంది. వల కన్నులో తల దూర్చి, ముందుకు పోలేక, వెనక్కి రాలేక మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. నీళ్లలో ఉన్నంతసేపు దాని బరువును నీళ్లే మోస్తాయి కాబట్టి ఆ కొద్దిపాటి చిక్కు సరిపోతుంది. తల నీటి పైకి రాగానే బరువంతా ఆ ఒక్క దారం మీద పడుతుంది. బొచ్చె అయితే ఒక్కసారి తల విదిలిస్తుంది, అంతే, దారం జారిపోతుంది. గాలానికి పడిన వాలుగ అయితే ఇంకా కష్టం, దాని పళ్లకు మామూలు దారం ఆగదు. ఆయన "ఏమ్మే, వల!" అన్న తరువాత నాకు దొరికేది రెండు మూడు క్షణాలే. ఆ క్షణాల్లో నేను కాళ్ల కింద వెతుక్కుంటూ ఉంటే అక్కడ చేప వెళ్లిపోతుంది.

కాబట్టి నేను పెట్టుకున్న షరతులు మూడు. కూర్చున్న చోటి నుంచి లేవకుండా అందాలి. ఒక్క చేత్తో రావాలి, ఎందుకంటే రెండో చేతిలో తెడ్డు ఉంటుంది. తీసేటప్పుడు పడవలో దేనికీ తగులుకోకూడదు. ఈ మూడింటిలో మొదటిది ప్రాణానికి సంబంధించినది. చిన్న పడవలో ఇద్దరూ ఒకే పక్కకు ఒరిగితే పడవ తిరగబడుతుంది. ఆయన అప్పటికే కుడి పక్కకు వంగి వల లాగుతుంటాడు. నేను కూడా వల కోసం లేచి అటే వంగితే ఇద్దరం నీళ్లలో ఉంటాం. మా ఇద్దరికీ ఈత వచ్చు, అయినా లైఫ్ జాకెట్ వేసుకునే పోతాం. టంగూసు వల చుట్టూ ఉన్న నీళ్లలో పడితే ఎంత ఈత వచ్చినా కాళ్లకు దారం చుట్టుకుంటుంది.

పెట్టకూడని చోట్లు

పడవ అడుగున పెట్టొద్దు. అక్కడ ఎప్పుడూ కాసిన్ని నీళ్లు, బురద ఉంటాయి, వల సంచి నానుతూ ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, పాదం సంచిలోకి దూరడం. నడిచేటప్పుడు బొటనవేలికి ఒక కన్ను తగులుకున్నా మనిషి ముందుకు పడతాడు.

లాగిన టంగూసు వల కుప్ప మీద అసలు పెట్టొద్దు. ఒక వల కన్నుల్లో ఇంకో వల రింగు ఇరుక్కుంటే విడదీయడానికి పూట పడుతుంది. గాలాల బుట్ట పక్కన కూడా వద్దు. గాలం ముల్లు వల దారంలో దిగితే వెనక్కి రాదు, ముందుకు తోసి తీయాలి. చేప ఎదురుగా ఉన్నప్పుడు ఆ పని ఎవరు చేస్తారు?

కొంతమంది పడవ ముందు కొసన ఒక పైపు బిగించి అందులో వలను నిలువుగా నిలబెడతారు. చూడటానికి బాగుంటుంది, చోటు కూడా కలిసొస్తుంది. మా నీళ్లలో మాత్రం నేను దీన్ని ఒప్పుకోను. మాకు ఎగువన గండికోట దగ్గర పెన్నా కొండల మధ్య లోయలో నుంచి వస్తుంది, ఆ లోయలో నుంచే గాలి కూడా వస్తుంది. ఆషాఢం గాలులప్పుడు నిలబెట్టిన వల సంచి గాలికి ఉబ్బి పడవను పక్కకు తిప్పేస్తుంది, తెడ్డు వేసేవాళ్ల భుజాలు పడిపోతాయి. ఇంకో సంగతి ఉంది. ఎండాకాలం చివర మా రాయలసీమలో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి సాయంత్రం ఉరుములతో వాన వస్తుంది. చదునైన నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తుగా అల్యూమినియం కర్ర నిలబెట్టుకుని కూర్చోవడం పిడుగును పిలవడమే. ఉరుము వినపడగానే కర్ర పడుకోబెట్టి గట్టుకు రావాలి. ఒడ్డున కూడా ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

పడవ అంచు మీద, బయటికి వేలాడేటట్టు కూడా పెట్టొద్దు. మైలవరంలోనైనా గండికోటలోనైనా నీళ్లు తగ్గినప్పుడు మునిగిన కంపచెట్లు తలలు బయటపెడతాయి. గండికోట రిజర్వాయర్‌లో ఊళ్లకు ఊళ్లే మునిగాయి, తాళ్లప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊరు కూడా. చెట్లు, గోడలు, కరెంటు స్తంభాల మొండేలు నీటి కింద ఎక్కడ ఉన్నాయో పైకి తెలియదు. బయటికి వేలాడే వలను కంప ముల్లు పట్టుకుంటే పడవ ఒక్కసారిగా ఆగిపోతుంది, నిలబడి ఉన్నవాళ్లు పడిపోతారు.

మా ఏర్పాటు

మా పడవలో చేతి వల ఎడమ పక్క గోడకు లోపల, అంచుకు కొంచెం కిందుగా పడుకుని ఉంటుంది. వల లాగేది కుడి పక్క కాబట్టి ఎడమ గోడ ఎప్పుడూ ఖాళీ. రింగు నా వీపు వెనక, పడవ వెనక మూలలో ఉంటుంది. కర్ర నా ఎడమ తొడ పక్కగా ముందుకు వస్తుంది. నా వెనక ఏ సామానూ ఉండదు, అందుకని రింగుకు తగులుకునేది ఏదీ లేదు. పిలుపు వినగానే ఎడమ చేత్తో కర్రను మధ్యలో పట్టుకుని పైకి లాగుతాను, ముందుకు జరుపుతాను, రింగు నా భుజం పక్క నుంచి వచ్చేస్తుంది. తెడ్డు తొడల మీద పెట్టి రెండో చెయ్యి వేసి కుడి పక్కకు తిప్పి నీళ్లలోకి దించుతాను. చూపు చేప మీద నుంచి తీయాల్సిన అవసరం రాదు. ఎడమ చేతి వాటం ఉన్నవాళ్లు, ఎడమ పక్క వల లాగేవాళ్లు ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టుకోండి.

దీన్ని పట్టి ఉంచేవి రెండు పీవీసీ పైపు ముక్కలు. ప్లంబింగ్ షాపులో ఒకటిన్నర అంగుళం పైపు ముక్క అడిగితే చవకగా ఇస్తారు. జానెడులో సగం పొడవున రెండు ముక్కలు కోయండి. ఒక్కో ముక్కను ఒక పక్క నిలువునా చీల్చి, చీలికను వెడల్పు చేయండి. చీలిక వెడల్పు మీ కర్ర లావు కంటే గోరంత తక్కువ ఉండాలి. అప్పుడు కర్రను నొక్కితే టక్కున లోపలికి పోతుంది, లాగితే వస్తుంది, అలలకు మాత్రం దానంతట అది బయటికి రాదు. మరీ బిగుతుగా ఉంటే ముక్కను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక గుడ్డతో పట్టుకుని కొంచెం విప్పండి. మంట మీద కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు, ముక్క కూడా మాడి పెళుసుగా అవుతుంది. కోసిన అంచులను గరుకు కాగితంతో బాగా రుద్దండి. వల దారాన్ని కోసేది ఆ అంచులే.

వెదురు కర్ర అన్ని చోట్లా ఒకే లావు ఉండదు. అందుకని పైపు ముక్కల్లో కూర్చునే రెండు చోట్ల కర్రకు పాత సైకిల్ ట్యూబు చుట్టి కట్టాను. పట్టు బాగుంటుంది, అల తగిలినప్పుడు టకటకమని చప్పుడు ఉండదు. ఆ చప్పుడు చిన్న విషయం కాదు. తెల్లవారుజామున నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు పడవ గోడకు కర్ర కొట్టుకునే శబ్దం నీళ్లలోకి బాగా పోతుంది, దగ్గరి చేపలు బెదురుతాయి.

ముక్కలను బిగించేటప్పుడు చీలిక పైకి, కొంచెం లోపలికి వాలి ఉండాలి. ఫైబర్ పడవకు రంధ్రం పెట్టాలంటే అంచుకు బాగా దగ్గరగా, నిండా బరువు వేసినా నీళ్లు తాకని ఎత్తులోనే పెట్టండి. స్టీలు నట్లు, బోల్టులు వాడండి, రెండు వైపులా వాషర్ వేయండి, రంధ్రం చుట్టూ ఎం-సీల్ పూయండి. గుండ్రటి తల ఉన్న బోల్టును లోపలి వైపు పెట్టి, నట్టు బయటికి రానివ్వండి. లోపల మొనతేలిన ఇనుము ఏదున్నా వల దానికే తగులుకుంటుంది. కర్ర పడవ అయితే ఇంత పని లేదు. రెండు పంగ కొమ్మలు వెతికి, నున్నగా చెక్కి, గోడ లోపలి పక్కటెముకలకు తాడుతో గట్టిగా కట్టేస్తే చాలు. మేకుల కంటే తాడే మేలు, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు.

సంచిని సర్దడం

కర్రను ఎంత బాగా పెట్టినా సంచి వదులుగా ఉంటే ఫలితం లేదు. మా సంచి రెండు అడుగుల లోతు. తీసేటప్పుడు అది వేలాడుతూ వస్తే కాలికో బల్లకో తగులుకుంటుంది. దీనికి కూడా సైకిల్ ట్యూబే మందు. ట్యూబును వేలెడు వెడల్పున అడ్డంగా కోస్తే రబ్బరు రింగు వస్తుంది. దాన్ని కర్రకు, ఇనుప రింగు మెడ దగ్గర తొడగండి. సంచిని ఒక్క మెలిక తిప్పి, కర్ర వెంబడి పడుకోబెట్టి, దాని తోకను గుప్పెడు మాత్రం ఆ రబ్బరు కింద దోపండి. నీళ్లలో దించి ఒక్క విసురు ఇవ్వగానే తోక జారి సంచి విచ్చుకుంటుంది. ఎక్కువ దోపితే విచ్చుకోదు. ఎంత దోపాలో ఒడ్డున మోకాలు లోతు నీళ్లలో నిలబడి ముందే చూసుకోండి, ఎండిన వలకూ తడిసిన వలకూ తేడా ఉంటుంది కాబట్టి తడిపి చూడండి. గాలి ఎక్కువగా ఉన్న నెలల్లో నేను రెండు రబ్బర్లు వేస్తాను.

వల దారం ఏదన్నది కూడా ఇక్కడ పనికొస్తుంది. నైలాన్ నీళ్లలో మునుగుతుంది, సంచి వెంటనే కిందికి దిగి విచ్చుకుంటుంది. ప్లాస్టిక్ దారం, అంటే హెచ్‌డీపీఈ, నీళ్లపై తేలుతుంది. సంచి పైకి ఉబ్బి చేపకు అడ్డం వస్తుంది. మీ దగ్గర ఉన్నది తేలే రకమైతే సంచి అడుగున వల గుండు ఒకటి కట్టండి. ముడులు లేని వల దొరికితే అదే కొనండి. ముడులు చేప ఒంటి మీది జిగురును గీకేస్తాయి, చిన్న చేపను తిరిగి వదలాలంటే ఆ జిగురు ఉండాలి.

జెల్ల పడినప్పుడు ఇంకో చిక్కు ఉంది. వీపు మీద, రెక్కల దగ్గర ఉన్న ముళ్లను అది నిటారుగా బిగించేస్తుంది. వలను పట్టి లాగితే దారం తెగుతుంది, ముల్లు చేతికి దిగితే వాస్తుంది. తలను తడిగుడ్డతో పట్టుకుని, ముల్లు ఏ కన్నులో నుంచి వచ్చిందో ఆ కన్నులో నుంచే వెనక్కి తీయండి. అది పూర్తయ్యాకే వలను మళ్లీ గోడకు పెట్టండి. సగం చిక్కుతో పెట్టిన వల రెండో చేపకు అక్కరకు రాదు.

పుట్టిలో, తెప్పలో

నా పుట్టిల్లు కర్నూలు పక్క, సుంకేసుల దగ్గర. కేసీ (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యేది అక్కడే, ఆ నీళ్లే మా కడప దాకా వస్తాయి. తుంగభద్రలో మా అన్న ఇప్పటికీ పుట్టి మీదే, అంటే గుండ్రటి బుట్ట పడవ మీదే వేటాడతాడు. పుట్టికి తిన్నని గోడ లేదు, ముందూ వెనకా లేవు, బల్ల లేదు. మా ఏర్పాటు అక్కడ పనికిరాదు. పోయినసారి వెళ్లినప్పుడు "అన్నా, నీ వల ఎప్పుడు చూసినా నీ మోకాళ్ల కిందే ఉంటుంది, ఒక చోటు చూసుకో" అన్నాను. "పుట్టి గిరగిరా తిరుగుతాదమ్మా, చోటు ఏడుంటాది? నేను ఏడ కూసుంటే ఆడే దాని చోటు" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. పుట్టిలో వలకు చోటును మనిషి కూర్చునే వైపును బట్టే నిర్ణయించాలి.

ఇద్దరం కలిసి చివరికి చేసింది ఇది. కర్రను రెండున్నర అడుగులకు కుదించాం. పుట్టి నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పొడుగు కర్ర అవసరం లేదు. పుట్టి లోపలి అల్లికలో, అన్న కూర్చునే చోటికి ఎడమ పక్కన, రెండు తాడు ఉంగరాలు కట్టాం. ఒకటి కర్ర కింది కొసకు, రెండోది ఇనుప రింగు మెడకు. రింగు వంపు పుట్టి గోడ వంపుకు ఆనుకుని కూర్చుంటుంది. కింది ఉంగరం గుడ్డి ముడి, పైది లాగితే ఊడే ముడి. అల్లికకు బయటి నుంచి తారు పూసిన పట్టా ఉంటుంది, తాడు దూర్చేటప్పుడు దానికి చిల్లు పడకుండా చూడాలి. పుట్టికి మేకులు గానీ బోల్టులు గానీ ఎప్పుడూ వద్దు.

థర్మాకోల్ తెప్ప మీద వేటాడే వాళ్లకు గోడే ఉండదు. వాళ్లు కర్రకు రెండు చోట్ల బెండ్లు కట్టుకుని, వలను పక్కన తెప్పను కట్టిన తాళ్ల కింద దోపుకోవడం మంచిది. నీళ్లలో జారినా తేలుతుంది. వలను తాడుతో నడుముకో మణికట్టుకో కట్టుకునే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. వల కంపకు తగులుకుంటే ఆ తాడు మనిషిని కూడా లాగుతుంది.

పడవలోనైనా బెండు ఉండాలి. వెదురు కర్ర తేలుతుందని నమ్ముకోవద్దు, ఇనుప రింగు బరువుకు, నానిన వల బరువుకు మునిగిపోవచ్చు. నిండా తడిపి ఒడ్డున ఒకసారి నీళ్లలో వదిలి చూసి, తేలేవరకు బెండ్లు కలపండి. అల్యూమినియం కర్ర అయితే బోలుగా ఉంటుంది, కొసలకు బిరడా లేకపోతే నీళ్లు నిండి రాయిలా మునుగుతుంది. నాకు వెదురే ఇష్టం. మే నెలలో మధ్యాహ్నం మా దగ్గర అల్యూమినియం కర్రను ఉత్త చేత్తో పట్టుకోలేం.

ఇంటికి తెచ్చాక

గట్టుకు రాగానే వలను మంచినీళ్లతో జాడించి, జిగురు, పొలుసులు పోయేవరకు విదిలించండి. ఆరేసేది నీడలో, గాలి ఆడే చోట. ఎండకు నైలాన్ పెళుసుబారుతుంది. చేత్తో పట్టి లాగితే పుటుక్కుమనే దారం ఎండకు వదిలేసిన వలదే. మా ఇంట్లో వేపచెట్టు కొమ్మకు తగిలిస్తాను. పూర్తిగా ఆరాకే లోపల పెడతాను. ఒక రిజర్వాయర్‌లో వాడిన వలను ఇంకో చెరువుకు తీసుకుపోయేవాళ్లు ఈ ఆరబెట్టడం ఇంకా గట్టిగా పాటించాలి. చేప పేలు, వాటి గుడ్లు, గుర్రపుడెక్క ముక్కలు తడి వలతోనే ఒక నీటి నుంచి ఇంకో నీటికి పోతాయి. మీ చేతి వల వల్ల ఇంకొకరి చెరువులో చేప పాడవకూడదు.

మడిచే రకం కర్ర ఉన్నవాళ్లు కీళ్లలో ఇసుక కడిగి తీయాలి. నూనె రాయొద్దు, నూనెకు ఇసుక అంటుకుని కీలు ఇంకా బిగుసుకుంటుంది. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. ఇనుప రింగుకు తుప్పు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది రంగు వేయండి. తుప్పు పట్టిన చోటే వల కన్నులు ముందు తెగుతాయి.

జూలై, ఆగస్టు నెలల్లో చేపలు గుడ్లు పెట్టే కాలమని రిజర్వాయర్లలో వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ వల ఎక్కువగా పాడయ్యేది ఎలుకల వల్ల. చేప వాసన పూర్తిగా పోని నైలాన్‌ను అవి వదలవు. గోనెసంచిలో చుట్టి మూలన పెడితే సెప్టెంబరులో పీలికలే మిగులుతాయి. పైకప్పు దూలానికి సన్నని ఇనుప తీగ కట్టి, గోడకు తగలకుండా మధ్యలో వేలాడదీయండి. ఎరువుల బస్తాలు, పురుగు మందులు, కిరోసిన్ ఉన్న గదిలో మాత్రం వద్దు, ఆ వాసన వలకు పడుతుంది. వేట మళ్లీ మొదలయ్యే ముందు సైకిల్ ట్యూబు రబ్బర్లన్నీ కొత్తవి వేయండి. పాతవి ఎండి పగుళ్లిచ్చి ఉంటాయి, మొదటి పెద్ద చేప దగ్గరే తెగుతాయి. పైపు ముక్కలను కూడా వేలితో ఒకసారి తడిమి చూసి, పగులు తగిలితే మార్చేయండి.